బేస్‌మెంట్ తడిస్తే ముందు బయటికెళ్ళి చూడండి

చలికాలం దగ్గరపడుతోందంటే ఇల్లున్నవాళ్ళకి ముందు గుర్తొచ్చేవి గడ్డకట్టే పైపులు, హీటింగ్ బిల్లు, గుమ్మం ముందు పేరుకునే మంచు. బేస్‌మెంట్‌లోకి నీళ్ళు రావడం మాత్రం వానలప్పటి సమస్య అనుకుంటాం. బయట అంతా గడ్డకట్టి ఉంటే ఇంక నీళ్ళెక్కడివి అని ధీమా. నేను చూసినంతలో మాత్రం బేస్‌మెంట్‌కి ఏడాదిలో అన్నిటికన్నా గడ్డు రోజు కుండపోత వాన కురిసిన రోజు కాదు. వారాల తరబడి మంచు పడి, నేల రాయిలా బిగుసుకుపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఎండ కాసి ఉష్ణోగ్రత సున్నా దాటి నాలుగైదు డిగ్రీలు పైకెక్కిన రోజు. దానికి తోడు అదే రోజు వాన కూడా పడిందా, ఇక చెప్పక్కర్లేదు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. బేస్‌మెంట్‌లో నీళ్ళు కనిపిస్తే పని లోపల కాదు, బయట మొదలుపెట్టాలి. అదీ మంచు పడ్డాక కాదు, చలి ముదరకముందే. మనలో చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తాం. ముందు గోడకి వాటర్‌ప్రూఫ్ రంగు, తర్వాత గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్, అదీ చాలకపోతే లోపలి నేలంతా పగలగొట్టించి నీళ్ళు పోయే డ్రెయిన్, వాటిని బయటికి తోడే పంపు. ఇంత డబ్బూ పోశాక కూడా ఇంటి మూలనున్న గట్టర్ గొట్టం, అంటే పైకప్పు అంచు కాలవలోంచి నీళ్ళని కిందికి దింపే గొట్టం మాత్రం పునాది పక్కనే నీళ్ళు వదుల్తూ ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ గొట్టాన్ని దూరంగా తిప్పడానికి ఒక్క పూట చాలు.

అసలు ఆ ఎండకాసిన రోజు ఏం జరుగుతుందో చూద్దాం. నేల పైపొర ఇంకా గడ్డకట్టే ఉంటుంది. మట్టిలోని సందులన్నీ మంచుతో నిండిపోయి ఉంటాయి కాబట్టి కరిగిన నీళ్ళు కిందికి ఇంకవు, పైపైన పారతాయి. పారి పారి ఎక్కడ మెత్తటి నేల దొరికితే అక్కడ దిగుతాయి. ఇంటి చుట్టుపక్కల అలా మెత్తగా ఉండే చోటు ఏదో తెలుసా? సరిగ్గా గోడని ఆనుకుని ఉన్న మట్టే. లోపలి వెచ్చదనం గోడలోంచి కొద్దికొద్దిగా బయటికి పాకుతూ ఉండడంతో అక్కడి నేల మిగతా పెరడంత గట్టిగా గడ్డకట్టదు. నమ్మకపోతే ఈసారి మంచు పడ్డాక ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. పెరడంతా తెల్లగా ఉంటుంది, గోడ వెంబడి మాత్రం జానెడో బెత్తెడో వెడల్పున మంచు ముందే కరిగిపోయి నల్లటి తడి మట్టి కనిపిస్తుంది. ఇంకొంచెం వంగి చూస్తే కొన్నిచోట్ల మట్టికీ కాంక్రీటుకీ మధ్య వేలు దూరేంత సందు కూడా ఉంటుంది. పెరడంతా కరిగిన నీళ్ళు పోయేది అందులోకే.

దీనికి రెండో కారణం ఇల్లు కట్టినప్పటిది. పునాది కోసం తవ్వేటప్పుడు గోడకంటే వెడల్పుగా గొయ్యి తీస్తారు, గోడ లేచాక ఆ ఖాళీని మళ్ళీ మట్టితో పూడుస్తారు. అలా పూడ్చిన మట్టి, చుట్టూ ఉన్న తవ్వని నేలంత గట్టిగా ఎప్పటికీ అవదు. చుట్టూ బంకమట్టి ఉంటే మరీ అన్యాయం. నీళ్ళు పోనివ్వని గట్టి నేల మధ్యలో వదులు మట్టి నింపిన ఒక గంగాళం, ఆ గంగాళం మధ్యలో మన ఇల్లు. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వదులు మట్టి కుంగుతుంది. మొదట్లో గోడనుంచి బయటికి వాలుగా ఉన్న నేల, పదేళ్ళకో పదిహేనేళ్ళకో గోడ వైపే వాలిపోతుంది. ఇంట్లో ఉండేవాళ్ళకి ఈ మార్పు కనపడదు, రోజూ చూసే నేలే కదా.

ఇప్పుడు నీళ్ళెన్నో లెక్కేద్దాం. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 2,360 లీటర్లు. మంచయితే, అప్పుడే పడిన పొడిపొడి మంచు దాదాపు పది అంగుళాలకి ఒక అంగుళం నీళ్ళు అని ఒక మోటు లెక్క ఉంది గానీ, వారాల తరబడి పేరుకుని అణిగిన మంచులో నీళ్ళ పాలు అంతకంటే చాలా ఎక్కువ. ఆ కప్పు మీద నెల రోజుల మంచు రెండు మధ్యాహ్నాల్లో కరిగి, నాలుగు మూలలున్న నాలుగు గొట్టాల్లోంచి దిగుతుందనుకోండి. ఒక్కో మూలకీ ఎన్ని వందల లీటర్లో ఆలోచించండి. ఆ నీళ్ళు గోడకి అడుగు దూరంలో పడితే ఎక్కడికి పోతాయి, ఆరేడు అడుగుల దూరంలో పడితే ఎక్కడికి పోతాయి అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. కనీసం ఆరడుగులు, కుదిరితే పదడుగుల దాకా గొట్టాన్ని పొడిగించమని చెప్పేది అందుకే. భూమిలోపల పాతిన గొట్టాలున్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. చలికి వాటి చివర గడ్డకడితే నీళ్ళు వెనక్కి తన్ని మళ్ళీ గోడ పక్కనే పొంగుతాయి. చలికాలంలో నేల మీద నుంచే పోయే గొట్టం పెట్టుకోవడం నయం, అదెక్కడ బిగుసుకుపోయిందో కంటికి కనిపిస్తుంది. గట్టర్లలో ఆకులు తీయించడం గురించి వేరే చెప్పక్కర్లేదు, ఆకులన్నీ రాలిపోయాక, మొదటి మంచుకి ముందు.

వాలు సంగతి. చాలాచోట్ల ఇళ్ళ నిర్మాణ నియమాల్లో ఉండే లెక్క, గోడనుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలు దిగాలి. సరిచూసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. గోడ దగ్గర ఒక మేకు, పదడుగుల దూరంలో ఇంకో మేకు పాతి, మధ్య దారం కట్టి, దారాన్ని లెవెల్ చూసుకుని, రెండు కొసల దగ్గరా నేలకీ దారానికీ మధ్య దూరం కొలిస్తే చాలు. ఇంటి చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చేస్తే కొన్నిచోట్ల తేడా అసలు ఉండదు, కొన్నిచోట్ల ఎదురు వాలు ఉంటుంది. అక్కడ మట్టి పోయించాలి. ఇసుకో కంకరో పోస్తే లాభం లేదు, నీళ్ళు వాటిలోంచి జారిపోయి కింద మళ్ళీ పాత వాలు వెంబడే గోడ దగ్గరికి చేరతాయి. కాస్త బంకపాలు ఉన్న మట్టి పోసి దిమ్మిస కొట్టించాలి. అయితే మట్టి ఎత్తు పెంచుతున్నాం కదా అని గోడ పైనున్న చెక్కనో సైడింగ్‌నో (గోడ బయట బిగించే పలకల్ని) తాకేదాకా పోయకూడదు, ఆరంగుళాల కాంక్రీటు పైకి కనిపిస్తూ ఉండాలి, లేకపోతే చెక్క కుళ్ళుతుంది. పూలమొక్కల చుట్టూ అందంగా పెట్టుకునే రాతి అంచులు కూడా చూసుకోండి. అవి చాలాసార్లు చిన్నపాటి ఆనకట్టలై నీళ్ళని గోడ పక్కనే నిలబెడతాయి.

ఇంత చవకైన పనిని ఎందుకు ఎవరూ చేయరు అని నేను చాలాసార్లు ఆలోచించాను. నా ఉద్దేశంలో కారణం సులువు. మట్టి పోయించుకోమని చెప్పే సేల్స్‌మన్ ఉండడు. నీళ్ళొచ్చాయని ఫోన్ చేస్తే వచ్చేవాళ్ళు తాము చేసే పని గురించే చెప్తారు, అది తప్పనను. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం విషయంలో వచ్చినాయన సరాసరి మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి వెళ్ళి, గోడలన్నీ చూసి, కొలతలు తీసుకుని కొటేషన్ రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఇంటి చుట్టూ ఒక్కసారి కూడా తిరగలేదు. వాళ్ళ సమస్య బయట వెనక మూలన ఉంది. గట్టర్ కీలు ఊడిపోయి, మూడొంతుల కప్పు నీళ్ళన్నీ ఒకేచోట, బేస్‌మెంట్ కిటికీ ముందు నేలలో తీసిన గుంతలో పడుతున్నాయి. కాబట్టి నేనెవరికైనా చెప్పేది, మీ ఇంటి బయట చూడకుండా లోపలి పనికి కొటేషన్ ఇచ్చేవాళ్ళ మాట వినకండి, ఎంత పేరున్నవాళ్ళయినా సరే.

గోడకి లోపల వేసే రంగు గురించి కూడా సూటిగా చెప్పాలి. తడిసిన మట్టిలో నీటి మట్టం గోడ వెంబడి ఒక మీటరు ఎత్తున నిలిచిందంటే, అడుగున ప్రతి చదరపు మీటరు మీదా సుమారు వెయ్యి కిలోల ఒత్తిడి పడుతుంది. మట్టి తోపు దీనికి అదనం. ఆ ఒత్తిడితో కాంక్రీటు రంధ్రాల్లోంచి వస్తున్న నీళ్ళని లోపలి వైపు పూసిన పల్చటి పొర ఎంతకాలం ఆపుతుంది? కొన్నాళ్ళు ఆపుతుంది. తర్వాత బుడగలొచ్చి, పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన పెచ్చు వెనక తెల్లగా పిండిలాంటిది కనిపిస్తుంది, వేలితో రాస్తే పొడిపొడిగా రాలుతుంది. చాలామంది దాన్ని బూజు అనుకుని కంగారు పడతారు. అది బూజు కాదు, కాంక్రీటులోని లవణాలు నీళ్ళలో కరిగి గోడ పైకొచ్చి, నీళ్ళు ఆరిపోయాక మిగిలిన ఉప్పు. కొంచెం నీళ్ళు చిలకరిస్తే కరిగిపోతుంది, బూజయితే కరగదు. ఆ ఉప్పు ఎక్కడుందో అక్కడ గోడలోంచి నీళ్ళు ప్రయాణం చేస్తున్నాయని అర్థం. మరకలన్నీ ఒకే ఎత్తులో ఆగితే అదొక సమాచారం, ఒకే మూలన ఉంటే ఇంకో సమాచారం. రంగేస్తే ఈ ఆనవాళ్ళన్నీ పోతాయి, జబ్బు పోదు.

అయితే గోడ తడిగా ఉన్నంత మాత్రాన బయటి నీళ్ళేనని కూడా అనుకోకూడదు. చల్లటి గోడకి ఇంట్లోని వెచ్చటి తేమ గాలి తగిలి చెమర్చడం చలికాలంలో మామూలే, ముఖ్యంగా బేస్‌మెంట్‌లో బట్టలు ఆరేసేవాళ్ళ ఇళ్ళలో. ఏది ఏదో తేల్చుకోడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. గోడని తుడిచి ఆరబెట్టి, అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పున్న పాలిథిన్ షీటు పెట్టి నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించాలి. ఒకట్రెండు రోజులాగి చూడాలి. షీటు మీద, అంటే గది వైపు తడి ఉంటే అది ఇంట్లో తేమ. గాలాడనివ్వాలి, గోడకి ఇన్సులేషన్ సరిగా వేయించాలి. షీటు వెనక, గోడ వైపు తడి ఉంటే బయటినుంచి వస్తున్నట్టు. రెండువైపులా ఉండే ఇళ్ళూ ఉన్నాయి.

ఇక పునాదిని చలి ఏం చేస్తుందన్నది. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తాయి, పగుళ్ళలో చేరిన నీళ్ళు గడ్డకట్టి పగులుని ఇంకాస్త తెరుస్తాయి, ఇది అందరికీ తెలిసిందే. కానీ నేల ఉబ్బి పునాదుల్నే పైకెత్తడానికి ఈ 9 శాతం ఒక్కటే కారణం కాదు. దీన్ని తేల్చినవాడు స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త. 1929, 1930ల్లో ఆయన ప్రచురించిన ప్రయోగాల్లో మట్టిని నీళ్ళకి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే వ్యాకోచించదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి ఉబ్బింది! అంటే ఉబ్బుకి అసలు కారణం ఉన్న నీళ్ళు పెరగడం కాదు, గడ్డకడుతున్న చోటికి కిందినుంచీ పక్కలనుంచీ కొత్త నీళ్ళు పాక్కుంటూ వచ్చి పొరలు పొరలుగా మంచు కట్టడం. నీళ్ళు అందుతున్నంతసేపూ ఆ పొర మందమవుతూనే ఉంటుంది, పైనున్నదాన్ని ఎత్తుతూనే ఉంటుంది.

నాకు ఈ ప్రయోగం ఎంతో ఇష్టం, ఎందుకంటే ఇంటి యజమానికి కావాల్సిన సమాధానం ఇందులోనే ఉంది. నేల ఉబ్బాలంటే మూడూ కలవాలి: చలి, సన్నటి మట్టి, నీళ్ళు. చలిని మనం ఆపలేం. మట్టిని మార్చడం పెద్ద పని. ఒండ్రులాంటి సన్నటి మట్టి వీటిలో మహా చెడ్డది. ఆర్థర్ కాసగ్రాండే అనే ఇంజనీరు 1930ల మొదట్లో ఇచ్చిన లెక్క ప్రకారం రకరకాల సైజుల రేణువులున్న మట్టిలో 0.02 మిల్లీమీటర్లకన్నా సన్నటివి 3 శాతం దాటితే చాలు, ఉబ్బే ప్రమాదం ఉన్నట్టే. మన చేతిలో మిగిలింది నీళ్ళు. పైన చెప్పిన గొట్టం, వాలు, గట్టర్లు బేస్‌మెంట్‌ని పొడిగా ఉంచడానికి మాత్రమే కాదు, పునాదిని కదలకుండా ఉంచేవి కూడా అవే. ఫుటింగులు, అంటే గోడల అడుగున బరువు మోసే వెడల్పాటి కాంక్రీటు పట్టీలు, నేల గడ్డకట్టే లోతుకంటే కిందికి వేస్తారు కాబట్టి మామూలుగా ఇంటికి భయం లేదు. కానీ ఆ లోతు లెక్క ఇంట్లో వెచ్చదనం ఉంటుందన్న నమ్మకం మీద కూడా ఆధారపడుతుంది. బేస్‌మెంట్ తవ్వి, గోడలు లేపి, చలికాలమంతా హీటింగ్ లేకుండా తెరిచి వదిలేసిన ఇళ్ళలో ఫుటింగుల కిందికే చలి దిగుతుంది. నెలల తరబడి ఊరెళ్తూ హీటింగ్ పూర్తిగా ఆపేసేవాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోవాలి. 13 డిగ్రీల దగ్గరైనా నడుస్తూ ఉండనివ్వండి. వెచ్చదనం లేని గోడకి తడి మట్టి గడ్డకట్టి అతుక్కుని, ఉబ్బినప్పుడు గోడని కూడా పట్టి లాగుతుంది.

పంపు ఉన్న ఇళ్ళవాళ్ళు ఒక్క పని తప్పకుండా చేయాలి. చలి ముదరకముందే బేస్‌మెంట్ నేలలో పంపు ఉండే గుంతలో ఒక బకెట్ నీళ్ళు పోయండి. పంపుని ఆన్ చేసే ఫ్లోట్ నీళ్ళతో పాటు మెల్లగా పైకి తేలుతుంది, ఒకచోట టక్కుమంటుంది, మోటారు అందుకుంటుంది. అంతవరకూ అందరూ చూస్తారు. అక్కడితో ఆగకుండా బయటికెళ్ళి గొట్టం కొసన నీళ్ళు పడుతున్నాయో లేదో, పడ్డ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి. గోడ పక్కనే పడి మళ్ళీ గుంతలోకే దిగుతుంటే ఆ పంపు అవే నీళ్ళని రాత్రంతా తోడుతూ ఉంటుంది. గొట్టంలో ఎక్కడైనా పల్లం ఉంటే అక్కడ నిలిచిన నీళ్ళు మొదటి గట్టి చలికే గడ్డకడతాయి, అప్పుడు మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం కదలవు. అందుకే గొట్టం మొదట్నుంచి చివరిదాకా ఒకే వాలులో, లోపల ముడతల్లేకుండా నున్నగా ఉండాలి. గోడ బయటికొచ్చిన చోట చీలికలున్న ఒక విడి భాగం అమర్చుకోవచ్చు, ముందు గొట్టం గడ్డకట్టినా నీళ్ళు ఆ చీలికల్లోంచి బయటపడతాయి. గోడ పక్కన పడటం మంచిది కాదు, నిజమే, కానీ బేస్‌మెంట్‌లో పొంగడం కంటే నయం. కరెంటు పోయేది కూడా సరిగ్గా ఇలాంటి వాతావరణంలోనే కాబట్టి బ్యాటరీతో నడిచే రెండో పంపు ఉంటే ఆ రాత్రి టెన్షన్ ఉండదు.

మిగతావి చిన్న పనులు. తోట పైపుని కొళాయి నుంచి ఊడదీయాలి, లేకపోతే గడ్డకట్టకుండా తయారుచేసిన కొళాయి కూడా నీళ్ళు బయటికి పోయే దారిలేక గోడ లోపల పగులుతుంది, అది వసంతంలో కొళాయి తిప్పినప్పుడే తెలుస్తుంది. బేస్‌మెంట్ కిటికీల గుంతల్లో ఆకులు తీసి మూతలు పెట్టాలి. మంచు ఎత్తిపోసేటప్పుడు గోడ వైపు కాకుండా నాలుగైదడుగులు అవతలికి పోయాలి.

నా మాటకి ఎదురు మాట ఒకటుంది, అది న్యాయమైనదే. కొన్ని ఇళ్ళ కింద భూగర్భ జలమే పైన ఉంటుంది, లేదా గుట్ట వాలులో కట్టడంతో నేలలోపలి ఊట సరాసరి గోడకి తగుల్తుంది. వాళ్ళు గట్టర్లు ఎంత సరిచేసుకున్నా నీళ్ళు వస్తాయి. అలాంటి చోట లోపలి డ్రెయిన్, పంపు సరైన పరిష్కారమే, లేదా బయట ఫుటింగు దాకా తవ్వి గోడకి పొర వేసి కంకరతో డ్రెయిన్ గొట్టం పెట్టించాలి. నేను వాదించేది వరస గురించి. చవకగా అయ్యే పైపని ముందు చేసి, ఒక చలికాలమూ ఒక కరుగుడూ గడవనిచ్చి, నీళ్ళు ఎక్కడ, ఎప్పుడు, ఎంత వస్తున్నాయో రాసిపెట్టుకుని చూస్తే, ఆ పెద్ద పని కావాలో వద్దో తెలుస్తుంది. వానకి గంటలోపే వస్తే పైనుంచి వచ్చే నీళ్ళు, వాన వెలిసి రోజులయ్యాక వస్తే భూగర్భ జలం అనుకోవచ్చు, చాలావరకు.

ఆగకూడని సందర్భం మాత్రం ఒకటుంది. నిలువుగా సన్నగా ఉన్న పగులు చాలావరకు కాంక్రీటు ఆరేటప్పుడు వచ్చిందే, నీళ్ళు కారితే పగుల్లోకి పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థం ఎక్కించి మూయించవచ్చు. గోడ మధ్యలో అడ్డంగా సాగిన పగులు అలాంటిది కాదు, బయటి మట్టి, నీళ్ళు, చలి గోడని లోపలికి నెడుతున్నాయని దానర్థం. దాని రెండు కొసలకీ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, గోడకి నిలువుగా తూకం గుండు దారం పట్టి లోపలికి ఉబ్బిందేమో చూడండి, ఉబ్బుంటే స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫోన్ చేయండి. మరమ్మతు అమ్మేవాళ్ళకి కాదు, మరమ్మతు చేయించినా చేయించకపోయినా తనకేమీ లాభం రాని ఇంజనీరుకి.

ఇన్ని చేసినా నీళ్ళొచ్చేస్తే, ప్లగ్గుల దాకా నీళ్ళున్న బేస్‌మెంట్‌లోకి కాలు పెట్టకండి, ముందు కరెంటు ఆపించాలి. అదీ నీళ్ళలో నిలబడి మీరు కాదు. కొద్ది అంగుళాలైతే వెంటనే తోడేసి ఒకట్రెండు రోజుల్లోపు అన్నీ ఆరబెట్టాలి, ఆలస్యమైతే బూజు మొదలవుతుంది. కానీ నీళ్ళు అడుగుల లోతున నిండి, బయట నేల కూడా నానిపోయి ఉంటే తొందరపడి మొత్తం తోడేయకూడదు. లోపలి నీళ్ళు బయటి ఒత్తిడికి ఎదురు నిలబడి గోడని కాస్తున్నాయి. వాటిని ఒక్కసారిగా తీసేస్తే గోడ లోపలికి కూలవచ్చు, నేల పైకి లేవవచ్చు. అడుగు మేర తోడి, గోడ మీద గుర్తు పెట్టి, రాత్రంతా ఆగండి. పొద్దున్నకి నీళ్ళు మళ్ళీ గుర్తు దాటితే ఇంకా వేళ కాలేదని. దాటకపోతే ఇంకో అడుగు.